వేణు బప్పు

మనాలి కల్లట్ వేణు బప్పు (ఆగష్టు 10, 1927 - ఆగష్టు 19, 1982) ప్రసిద్ధ భారతీయ ఖగోళ శాస్త్రవేత్త. నక్షత్రాల నిజమైన ప్రకాశాన్ని వాటి వర్ణపటము నుండి కనుగొనే విల్సన్-బప్పు ప్రభావము ద్వారా ఈయన పేరు ప్రపంచ ఖగోళ శాస్త్ర గ్రంథాలలో నిలిచిపోయింది. స్వాతంత్ర్యానంతర భారతదేశములో ఆధునిక ఖగోళ పరిశోధనకు పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు. బాల్యము, విద్యాభ్యాసము హైదరాబాదులో గడిచాయి. అక్కడి నిజామియా వేధశాలలో చర నక్షత్రాలను, అనగా కాంతి హెచ్చుతగ్గులకు లోనయ్యే తారలను, పరిశీలించడముతో ఈయన శాస్త్ర జీవితము ఆరంభమైనది. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడిగా ఎన్నికై, ఆ పదవిలో ఉండగానే మరణించాడు.

జననము, కుటుంబము

వేణు బప్పు 1927 ఆగష్టు 10న మద్రాసులో జన్మించాడు. తల్లిదండ్రులకు ఏకైక సంతానము. వీరి కుటుంబము కేరళలోని మలబారు ప్రాంతానికి చెందినది. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి కావడముతో కుటుంబము ఆ నగరములో స్థిరపడినది. ఆ కాలములో భారతదేశములో వృత్తిరీత్యా ఆకాశాన్ని పరిశీలించే సంస్థలు వేళ్ళ మీద లెక్కించదగినన్ని మాత్రమే ఉండేవి. అటువంటి సంస్థలో పనిచేసే తండ్రికి కుమారుడై పుట్టడము వలన బప్పుకు చిన్ననాడే దూరదర్శినితో పరిచయము కలిగింది.

నిజామియా వేధశాల

హైదరాబాదు రాష్ట్రములోని పైగా వంశీయుడైన నవాబు జఫర్ జంగ్ 1901లో ఈ వేధశాలను హైదరాబాదు ఫిసల్ బండాలో నెలకొల్పాడు. ఇంగ్లాండు నుండి 15 అంగుళాల గ్రబ్ వక్రీభవన దూరదర్శినిని తెప్పించాడు. ఆయన మరణానంతరము 1908లో నిజాము ప్రభుత్వము దీనిని స్వాధీనము చేసుకొని బేగంపేటకు తరలించింది. తరువాత ఇది ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆధీనములోకి వచ్చింది. చాట్‌వుడ్, పోకాక్‌ల తరువాత 1918 నుండి 1944 వరకు టి.పి.భాస్కరన్ దీనికి సంచాలకుడిగా పనిచేశాడు.

వేధశాల చేపట్టిన ముఖ్య కార్యము అంతర్జాతీయ నక్షత్ర పట నిర్మాణము. ప్రపంచములోని పలు వేధశాలలు ఆకాశాన్ని భాగాలుగా పంచుకొని ఛాయాచిత్రాలు తీయగా, హైదరాబాదుకు రెండు భాగాలు వచ్చాయి. దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల క్రాంతి మధ్య ఒకటి, ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల మధ్య మరొకటి. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు ఇక్కడ లెక్కింపబడ్డాయి. దీనితో పాటు 15 అంగుళాల దూరదర్శినితో చర నక్షత్రాల పరిశీలన కూడా భాస్కరన్ హయాములో సాగింది.

చర నక్షత్ర పరిశీలన ఓర్పుతో కూడిన పని. మారే నక్షత్రానికి దగ్గరలో ఉన్న, కాంతి మారని, పరిమాణము తెలిసిన రెండు నక్షత్రాలను ఎన్నుకొని, వాటి మధ్య ఇది ఎక్కడ ఉన్నదో పరిమాణములో పదవ వంతు వరకు అంచనా వేయాలి. మరికొన్ని రాత్రుల తరువాత మళ్ళీ చూడాలి. ఇలా నెలలు, సంవత్సరాలు గడిచిన పిమ్మట ఆ అంచనాలను కాలానుసారముగా గీసినప్పుడు కాంతి వక్రము ఏర్పడుతుంది. ఉదాహరణకు తిమింగల రాశిలోని మైరా అనే ఎర్ర తార సుమారు 332 రోజులలో కంటికి బాగా కనబడే స్థితి నుండి కంటికి ఏమాత్రము కనబడని స్థితికి జారి, మరల వెలుగుతుంది. ఒకే రాత్రి చూసినవానికి ఈ మార్పు తెలియదు.

విద్యాభ్యాసము, తొలి పరిశీలనలు

బప్పు హైదరాబాదు నిజాం కళాశాలలో చదివాడు. అప్పట్లో ఈ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధముగా ఉండేది. ఆ విశ్వవిద్యాలయము నుండే భౌతిక శాస్త్రములో ఎం.ఎస్సీ. పట్టా పొందాడు. విద్యార్థిగా ఉండగానే చర నక్షత్రాల మీద తన పరిశీలనలను వ్యాసాలుగా ప్రచురించాడు. పట్టభద్రుడు కాకముందే శాస్త్ర పత్రికలలో పేరు కనబడడము ఆ రోజులలో విశేషము.

అయితే భారతదేశములో అప్పుడు ఖగోళ భౌతిక శాస్త్రాన్ని ఉన్నత స్థాయిలో అభ్యసించే అవకాశము లేదు. విదేశాలకు వెళ్ళడానికి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము ఇచ్చిన ఉపకార వేతనము ఆధారమైనది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాష్ట్రము భారతదేశములో విలీనమైన కొద్ది నెలలకే, 1949లో, బప్పు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో చేరాడు.

హార్వర్డు, తోకచుక్క

హార్వర్డు వేధశాలకు అప్పుడు హార్లో షేప్లీ సంచాలకుడు. బప్పు చేరిన కొద్ది నెలలకే, 1949 జూలై 2 రాత్రి తీసిన ఛాయాచిత్ర ఫలకము మీద ఒక కొత్త తోకచుక్కను గుర్తించాడు. ఆచార్యుడు బార్ట్ బాక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకిర్క్ దీనిని ధ్రువపరచడములో పాలుపంచుకున్నారు. అందువలన దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ తోకచుక్క అని పేరు వచ్చింది. ఇందుకు గాను పసిఫిక్ ఖగోళ సంఘము బప్పుకు డాన్‌హో తోకచుక్క పతకాన్ని ఇచ్చింది. భారతీయుని పేరు మొదట నిలిచిన తోకచుక్క కావడముతో స్వదేశములో ఈ వార్త ఆసక్తి రేపింది.

1952లో డాక్టరేటు పొందిన పిమ్మట కార్నెగీ ఫెలోషిప్పు లభించింది. దీనితో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలమర్ వేధశాలలలో పనిచేసే అవకాశము వచ్చింది. పాలమర్ లోని 200 అంగుళాల దూరదర్శిని ఆనాటికి ప్రపంచములో కెల్లా పెద్దది. వుల్ఫ్-రాయే నక్షత్రాలు అనబడే మిక్కిలి వేడి నక్షత్రాల మీద ఈయన ఆసక్తి ఈ కాలము నాటిదే. అది జీవితాంతము కొనసాగింది.

విల్సన్-బప్పు ప్రభావము

సూర్యుని వంటి, అంతకంటే చల్లని నక్షత్రాల వర్ణపటములో కాల్షియమునకు చెందిన కె అనే నల్లని వెడల్పాటి గీత కనబడుతుంది. దాని నడుమ సన్నని వెలుగు గీత ఒకటి ఉంటుంది. ఇది నక్షత్రపు ఉపరితలానికి పైనున్న వర్ణావరణము నుండి వచ్చే కాంతి. మౌంట్ విల్సన్ వేధశాలకు చెందిన ఓలిన్ విల్సన్, బప్పు కలిసి 185 నక్షత్రాలలో ఈ వెలుగు గీత వెడల్పును కొలిచారు. నక్షత్రము ఎంత ఎక్కువ కాంతివంతమైనదైతే గీత అంత వెడల్పుగా ఉన్నదని, ఈ సంబంధము నక్షత్రపు ఉష్ణోగ్రత మీద గాని, గీత ఎంత ప్రకాశముగా ఉన్నదనే విషయము మీద గాని ఆధారపడదని తేలింది. ఈ ఫలితము 1957లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్ పత్రికలో ప్రచురింపబడింది.

స్థూలముగా చెప్పాలంటే గీత వెడల్పు నక్షత్రపు కాంతికి ఆరవ మూలము వలె పెరుగుతుంది. ఒక నక్షత్రము మరొకదానికంటే 64 రెట్లు కాంతివంతమైనదైతే గీత రెండింతలు వెడల్పవుతుంది. కాంతి 10 లక్షల రెట్లు పెరిగితే వెడల్పు 10 రెట్లు పెరుగుతుంది. చిన్న నక్షత్రాలు మొదలుకొని మహాతారల వరకు సుమారు 15 పరిమాణాల వ్యత్యాసములో ఒకే సూత్రము వర్తించడము శాస్త్రజ్ఞులకు ఆశ్చర్యము కలిగించింది. మహాతారల ఉపరితలములో గురుత్వాకర్షణ అత్యల్పము కావడము, వాటి వాతావరణము విస్తారముగా వ్యాపించి ఉండడము దీనికి ప్రధాన కారణాలుగా భావిస్తారు.

దీని ఉపయోగము దూరాల కొలతలో ఉన్నది. ఆకాశములో మసకగా కనబడే నక్షత్రము నిజముగానే చిన్నదా, లేక చాలా దూరములో ఉన్న పెద్దదా అనే సందేహము ఖగోళ శాస్త్రానికి మొదటి నుండి ఉన్నదే. గీత వెడల్పును బట్టి నిజమైన కాంతి తెలిసినప్పుడు, కనబడే కాంతితో పోల్చి దూరాన్ని లెక్కించవచ్చు. 1989-1993 మధ్య హిప్పార్కోస్ ఉపగ్రహము నక్షత్రాల దూరాలను నేరుగా కొలిచిన తరువాత, ఆ కొలతలతో విల్సన్-బప్పు సూత్రములోని సంఖ్యలను సరిచేసుకున్నారు. సూత్రము మాత్రము నిలిచింది. 1971లో బప్పు, శివరామన్‌లు సూర్యుని వర్ణావరణములో ఈ గీతకు మూలమైన సూక్ష్మ ప్రదేశాలను గుర్తించడానికి కొడైకెనాల్‌లో పరిశోధన జరిపారు.

ఎర్ర తారలు, కాంతి మార్పులు

బప్పు పరిశోధనల ప్రాముఖ్యము గ్రహించడానికి ఎర్ర తారల స్వభావము తెలుసుకోవడము అవసరము. తెలుగువారి పంచాంగములోని 27 నక్షత్రాలలో రెండు, ఆరుద్ర మరియు జ్యేష్ఠ, అరుణ మహాతారలు. ఆరుద్రను పాశ్చాత్యులు బెటెల్‌గూస్ అని, జ్యేష్ఠను అంటారెస్ అని వ్యవహరిస్తారు. రెండూ చర నక్షత్రాలే. ఆరుద్ర కాంతి మారుతున్నదని జాన్ హెర్షెల్ 1836లో గమనించాడు. దీని మార్పులలో సుమారు 400 రోజుల ఆవర్తనము ఒకటి, సుమారు 6 సంవత్సరాల దీర్ఘ ఆవర్తనము మరొకటి ఉన్నాయి. మైరా వలె క్రమము తప్పకుండా కాక, ఇవి అర్ధక్రమముగా మారుతాయి.

ఈ మార్పులకు ముఖ్యముగా మూడు కారణాలు చెబుతారు. మొదటిది, నక్షత్రపు పై పొరలు ఉబ్బి కుంచించుకోవడము. రెండవది, లోపలి వేడి వాయువు బ్రహ్మాండమైన బుడగలుగా పైకి పొంగడము; నక్షత్రము ఎంతో పెద్దదైనందున కొద్దిపాటి బుడగలే ఉపరితలమంతా ఆక్రమిస్తాయి. మూడవది, నక్షత్రము విసిరిన వాయువు చల్లబడి ధూళిగా మారి కాంతిని అడ్డుకోవడము. 2019 చివర నుండి 2020 ఫిబ్రవరి వరకు ఆరుద్ర ఎన్నడూ లేనంతగా మసకబారి, సుమారు 1.6 పరిమాణానికి దిగిపోయింది. నక్షత్రము పేలబోతున్నదని ప్రచారము జరిగింది. అది విసిరిన ధూళి మేఘము, ఉపరితలములో ఒక భాగము చల్లబడడము ఇందుకు కారణమని తరువాతి పరిశోధనలలో వెల్లడైనది.

నిజామాబాదు, బోధన్ ప్రాంతాలు సుమారు 18.7 డిగ్రీల ఉత్తర అక్షాంశములో ఉన్నందున అక్కడ ఆరుద్ర నడినెత్తికి దగ్గరగా, 79 డిగ్రీల ఎత్తు వరకు వస్తుంది. జ్యేష్ఠ దక్షిణాన 45 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. రైతులు ఎరిగిన ఆరుద్ర కార్తె జూన్ చివర మొదలవుతుంది. సూర్యుడు ఆ నక్షత్రము వద్ద ఉండే రోజులు కనుక అప్పుడు ఆరుద్ర కనబడదు. నేల మీద ఎర్రని ఆరుద్ర పురుగులు కనబడే వేళ ఆకాశములోని ఎర్రని ఆరుద్ర మరుగున ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలలలో, చెరకు నరికే కాలములో, ఇది రాత్రంతా కనబడుతుంది. బోధన్ శక్కర్ నగర్‌లో 1937లో స్థాపించబడి 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారములో గానుగ ఆడిన కాలము కూడా అదే. పక్కనున్న రోహిణితోను, దిగువనున్న లుబ్ధకముతోను పోల్చి చూస్తే ఆరుద్ర కాంతి మార్పును దూరదర్శిని లేకుండానే ఏడాదికేడాది గమనించవచ్చు.

నైనిటాల్

బప్పు 1953లో స్వదేశానికి తిరిగి వచ్చాడు. అమెరికాలో ఉన్నత స్థానాలు అందుబాటులో ఉండగా, సరియైన దూరదర్శిని ఒక్కటి కూడా లేని దేశానికి రావడము సాహసమే. ఉత్తర ప్రదేశ్ ప్రభుత్వము 1954లో వారణాసిలో ఒక వేధశాలను ప్రారంభించింది. దాని తొలి సంచాలకుడు ఎ.ఎన్.సింగ్ కొద్ది నెలలకే మరణించగా, ఆ బాధ్యత 27 సంవత్సరాల బప్పుకు అప్పగింపబడింది. వారణాసి ఆకాశము పరిశీలనకు అనుకూలము కాదని గుర్తించి, వేధశాలను 1955లో కుమావూ కొండలలోని నైనిటాల్‌కు తరలించాడు. తరువాత మనోరా శిఖరము మీద దానికి శాశ్వత స్థానము ఏర్పడింది.

కొడైకెనాల్

1960లో బప్పు కొడైకెనాల్ వేధశాలకు సంచాలకుడైనాడు. 1786లో మద్రాసులో విలియం పెట్రీ ప్రారంభించిన వేధశాల సంప్రదాయానికి వారసత్వముగా 1899లో ఏర్పడిన సంస్థ ఇది. 20వ శతాబ్దారంభము నుండి సూర్యుని ఛాయాచిత్రాలను కాల్షియము కాంతిలో తీసి భద్రపరచిన ఖ్యాతి దీనికున్నది. అయితే అప్పటికి పరికరాలు పాతబడి, సంస్థ వాతావరణ శాఖలో ఒక భాగముగా ఉండేది. బప్పు సౌర పరిశోధనను పునరుద్ధరించి, పరికరాలను తయారు చేసే కర్మశాలను, యువ శాస్త్రజ్ఞుల బృందాన్ని తీర్చిదిద్దాడు. 1970 మార్చి 7 నాటి సంపూర్ణ సూర్యగ్రహణ పరిశీలనకు మెక్సికో వెళ్ళిన భారతీయ బృందానికి నాయకత్వము వహించాడు. 1971లో ఈ సంస్థ వాతావరణ శాఖ నుండి విడివడి భారతీయ ఖగోళ భౌతిక సంస్థగా స్వయంప్రతిపత్తి పొందింది. తరువాత దీని ప్రధాన కార్యాలయము బెంగుళూరులో ఏర్పడింది.

కావలూరు

కొడైకెనాల్ సూర్యునికి అనుకూలమైనా, రాత్రి పరిశీలనకు మేఘాల బెడద ఉండేది. దక్షిణ భారతములో తగిన స్థలము కొరకు 1960వ దశకములో అన్వేషణ జరిపి, తమిళనాడులోని జవ్వాది కొండలలో వాణియంబాడికి చేరువలోని కావలూరును ఎంపిక చేశారు. ఇది సుమారు 12.6 డిగ్రీల అక్షాంశములో, 725 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్షాంశము తక్కువ కావడము వలన దక్షిణాకాశములో చాలా భాగము ఇక్కడికి అందుతుంది. నైనిటాల్ నుండి జ్యేష్ఠ 34 డిగ్రీల ఎత్తుకు మాత్రమే వస్తే కావలూరులో 51 డిగ్రీలకు చేరుతుంది. నైనిటాల్ క్షితిజము పైకి దాదాపు రాని ఆల్ఫా సెంటారి ఇక్కడ 16 డిగ్రీలకు పైగా లేస్తుంది.

1968లో సొంత కర్మశాలలో తయారైన 38 సెంటీమీటర్ల దూరదర్శినితో కావలూరులో పని ప్రారంభమైనది. 1972లో తూర్పు జర్మనీకి చెందిన కార్ల్ జైస్ సంస్థ తయారు చేసిన ఒక మీటరు దూరదర్శిని వచ్చింది. అదే సంవత్సరము జూన్ 7న బృహస్పతి ఉపగ్రహమైన గానిమీడ్ ఒక నక్షత్రాన్ని మరుగుపరచినప్పుడు, గానిమీడ్‌కు పలుచని వాతావరణము ఉన్న సూచనలను ఇక్కడ నమోదు చేశారు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రాన్ని మరుగుపరచినప్పుడు దాని వలయాలు బయటపడ్డాయి. ఆ ఘటనను నమోదు చేసిన వేధశాలలలో కావలూరు ఒకటి.

2.34 మీటర్ల దూరదర్శిని

పెద్ద దూరదర్శినిని విదేశాల నుండి కొనుగోలు చేయక దేశములోనే నిర్మించాలని బప్పు సంకల్పించాడు. అద్దానికి కావలసిన గాజు దిమ్మ మాత్రమే జర్మనీ నుండి వచ్చింది. దానిని 2.34 మీటర్ల వ్యాసముతో అరగదీసి నునుపు చేసే పని బెంగుళూరులోని సంస్థ ప్రయోగశాలలో ఎ.పి.జయరాజన్ ఆధ్వర్యములో కొన్ని సంవత్సరాలు సాగింది. యాంత్రిక భాగాలను మహారాష్ట్రలోని వాల్‌చంద్‌నగర్ సంస్థ తయారు చేసింది. చెరకు ప్రాంతములో పుట్టి చక్కెర మిల్లుల యంత్రాలకు పేరుపొందిన సంస్థ, టన్నుల బరువున్న గొట్టాన్ని నక్షత్రముతో పాటు మెల్లగా, కుదుపు లేకుండా తిప్పే యంత్రాన్ని నిర్మించడము విశేషము. దేశములో అటువంటి అనుభవము అప్పటికి ఎవరికీ లేదు. ఆలస్యమైనా పని నేర్చుకున్నవారు దేశములోనే మిగులుతారనేది ఈ నిర్ణయము యొక్క సారాంశము.

అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య, మరణము

బప్పు 1967 నుండి 1973 వరకు అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు ఉపాధ్యక్షుడిగా పనిచేశాడు. 1979లో అధ్యక్షుడిగా ఎన్నికైనాడు. సమాఖ్య సర్వసభ్య సమావేశము 1982 ఆగష్టులో గ్రీసు దేశములోని పాత్రాస్ నగరములో ఏర్పాటైనది. దానికి అధ్యక్షత వహించవలసిన బప్పు, గుండె శస్త్రచికిత్స అనంతరము జర్మనీలోని మ్యూనిక్ నగరములో 1982 ఆగష్టు 19న మరణించాడు. అప్పటికి సమావేశము మొదలై రెండు రోజులైనది. ఈయనకు 55 సంవత్సరాలు నిండి తొమ్మిది రోజులే గడిచాయి. తాను రూపొందించిన పెద్ద దూరదర్శిని నుండి నక్షత్ర కాంతిని చూసే అవకాశము ఈయనకు కలుగలేదు.

సహచరులు ఆ పనిని పూర్తి చేశారు. 1986 జనవరి 6న ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ ఆ దూరదర్శినికి వేణు బప్పు దూరదర్శిని అని, కావలూరు కేంద్రానికి వేణు బప్పు వేధశాల అని నామకరణము చేశాడు. ఆనాటికి ఆసియాలోని పెద్ద దూరదర్శినులలో ఇది ఒకటి. 1988లో కావలూరులో కనుగొన్న ఒక గ్రహశకలానికి గణిత శాస్త్రజ్ఞుడు రామానుజన్ పేరు పెట్టారు.

హైదరాబాదులో ఖగోళ శాస్త్రము

బప్పు హైదరాబాదు విడిచిన తరువాత కూడా అక్కడి ఖగోళ పరిశోధన ముందుకు సాగింది. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయము నగరానికి ఆగ్నేయముగా జపాల్-రంగాపూర్ వద్ద 48 అంగుళాల దూరదర్శినితో కొత్త వేధశాలను నెలకొల్పింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణ మార్గములో ఈ ప్రదేశము ఉండడముతో శాస్త్రజ్ఞులు ఇక్కడికి తరలివచ్చారు. భారత ఖగోళ సంఘము 1972లో ఏర్పడినది కూడా ఉస్మానియా విశ్వవిద్యాలయములోనే. బేగంపేట వేధశాల మాత్రము నగరపు వెలుతురు, ధూళి పెరగడముతో క్రమముగా పరిశీలనకు పనికిరాకుండా పోయింది. ఆ ఆవరణలో ఏర్పడిన ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రము చిరునామాలో నిజామియా వేధశాల పేరు మిగిలింది. బప్పు చర నక్షత్రాలను చూడడము నేర్చుకున్నది ఆ ప్రాంగణములోనే.

గౌరవాలు, స్మారకాలు

• డాన్‌హో తోకచుక్క పతకము (1949 నాటి తోకచుక్కకు)
• శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారము (1970)
• పద్మభూషణ్ పురస్కారము (1981)
• అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్ష పదవి (1979-1982)
• 2596వ సంఖ్య గల గ్రహశకలానికి వేణు బప్పు అని నామకరణము
• యువ ఖగోళ శాస్త్రజ్ఞులకు భారత ఖగోళ సంఘము ఈయన పేరిట బంగారు పతకాన్ని నెలకొల్పింది